‘రెడీ’ అంటే ఒక్క ‘సిద్ధం’ ఏనా? ఓ అమీర్‌పేట నోట్సు సంగతి

మైత్రీవనం దగ్గర జిరాక్సు షాపుల్లో దొరికే స్పోకెన్ ఇంగ్లిష్ నోట్సుల్లో ఇదొకటి. సెంటర్ పేరు అక్కర్లేదు. విశేషణాల పాఠంలో ‘రెడీ’కి ఇచ్చిన అరపేజీ చాలు, మిగతాది ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ముందు బాగున్నది. ‘ఫర్’ తర్వాత నామవాచకం, ‘టు’ తర్వాత క్రియ అని పెట్టె గీసి చూపించారు: రెడీ ఫర్ ది ఇంటర్వ్యూ, రెడీ టు గో. మనవాళ్లు ‘రెడీ ఫర్ గో’ అని ఎందుకంటారో కూడా ఒక్క ముక్క రాస్తే పని పూర్తయ్యేది. తెలుగులో ‘ఇంటర్వ్యూకి’ అన్నా, ‘వెళ్లడానికి’ అన్నా ఆ ‘కి’ ఒక్కటే. అదే ఇంగ్లిషులో ‘ఫర్’ వేషం కట్టుకొస్తుంది.

అసలు చిక్కు ‘రెడీ అంటే సిద్ధం’ అనే మొదటి వాక్యంలోనే ఉంది. ‘బెంగళూరు వెళ్లడానికి సిద్ధమేనా?’ అని హెచ్‌ఆర్ అడిగితే బ్యాగు సర్దుకున్నావా అని కాదు, ఇష్టమేనా అని. అక్కడ ‘విల్లింగ్’ నప్పుతుంది. ‘రెడీ’ అన్నా తప్పు లేదు గానీ, రేపే బండెక్కేస్తానన్నట్టు ఉంటుంది. ముందే చదివి, కసరత్తు చేసి వచ్చానని చెప్పడానికి ‘ప్రిపేర్డ్’. నోట్సు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేసింది.

‘తయారైతున్న’ అనడానికి ‘ఐ యామ్ గెటింగ్ రెడీ’ అనాలి. ఈ ‘గెట్’ పాఠంలో ఎక్కడా లేదు. ‘ఐ యామ్ రెడీయింగ్’ లాంటివి పుట్టేది ఇందుకే.

‘రెడీ’ నామవాచకానికి ముందొస్తే అర్థం కాస్త మారుతుందనీ చెప్పలేదు. రెడీ క్యాష్ అంటే చేతిలో ఉన్న డబ్బు, రెడీ ఆన్సర్ అంటే అడగ్గానే వచ్చే జవాబు. ‘రెడీ టు క్రై’కి ఏడవడానికి సిద్ధం అని అర్థం రాశారు! ఏడుపొక్కటే తక్కువ అనాల్సిన చోటు అది.

‘ది చికెన్ ఈజ్ రెడీ టు ఈట్’ అని ఉదాహరణ ఇచ్చి వదిలేశారు. వండిన కోడా, గింజల కోసం చూస్తున్న కోడా? దీని మీద అరగంట క్లాసు నడపొచ్చు. ఇక ‘రెడియర్’ స్పెల్లింగులో వై అలాగే ఉండిపోయింది, ఐ కావాలి. రెడీ-టు-ఈట్ మీల్స్‌లో మధ్య గీతలు లేవు.

ఆ పెట్టె ఉన్న పేజీ ఒక్కటి జిరాక్సు తీయించుకుంటే చాలు.