పురిటికి వెళ్ళాలంటే వీసా కావాలి: చెన్నైలో మేం పడ్డ పాట్లు

బెంగళూరు మారతహళ్లిలో ఒక ట్రావెల్ ఏజెంటుకి మనిషికి 9,000 చొప్పున ముగ్గురికి 27,000 రూపాయలు ఇచ్చాం. అమెరికా వీసాకి త్వరగా తేదీ ఇప్పిస్తానన్నాడు. ఆ డబ్బు ఇంతవరకూ వెనక్కి రాలేదు. వస్తుందన్న ఆశ కూడా నాకు లేదు. మా వీధిలోనే ఇంకో రెండిళ్ళ వాళ్ళు అతని దగ్గరికే వెళ్ళబోతున్నారని తెలిసి ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఫిబ్రవరిలో పురుడు. నేనూ మావారూ వెళ్ళాలి, 81 ఏళ్ళ అత్తయ్యను బెంగళూరులో ఒంటరిగా వదిలేసి వెళ్ళలేం కాబట్టి ఆవిడా రావాలి. 2013లో అమ్మాయి కాన్వొకేషన్‌కి ముగ్గురం పదేళ్ళ వీసాలు తీసుకున్నాం. అవి 2023 జూన్‌లో అయిపోయాయి. పాత రూలే ఉంటే మాకు ఏ బాధా లేదు. వీసా గడువు ముగిసి 48 నెలలు దాటకపోతే ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో పాస్‌పోర్టులు ఇచ్చి రావచ్చు. 2025 ఫిబ్రవరిలో ఆ 48 నెలల్ని 12 చేశారు. అక్కడ నేనూ మావారూ చిక్కుకుపోయాం. 79 దాటినవాళ్ళకి ఇంటర్వ్యూ అక్కర్లేదన్న వెసులుబాటు అత్తయ్యకి మిగిలింది, సెప్టెంబర్ 2 నుంచి అదీ తీసేశారు. కాలు సరిగ్గా ఆనని మనిషిని ఇంటర్వ్యూకి తీసుకెళ్ళాలి.

బెంగళూరులో అమెరికా కాన్సులేట్‌ని 2025 జనవరిలో ఆర్భాటంగా ప్రారంభించారు కదా, అక్కడే అయిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. మేమూ అలాగే అనుకున్నాం. మేం వెళ్ళేనాటికి అక్కడ వీసా పని మొదలే కాలేదు. వేలిముద్రలకీ ఇంటర్వ్యూకీ చెన్నైయో హైదరాబాదో వెళ్ళాల్సి వచ్చింది. మాకు దగ్గరగా ఉన్నది చెన్నై.

ఏజెంటు సంగతి వివరంగా చెప్పాలి. ఆగస్టులో మా లాగిన్, పాస్‌వర్డ్ తీసుకున్నాడు. మనిషికి 185 డాలర్ల వీసా ఫీజు మేమే కట్టాం. జనవరి 20కి తేదీ వేశాడు. "ఇది జస్ట్ హోల్డింగ్ మేడమ్, నవంబర్‌కి లాగేస్తా" అన్నాడు. రెండు వారాల తర్వాత దాన్ని జనవరి 6కి మార్చి, పని జరుగుతోంది చూడండి అంటూ స్క్రీన్‌షాట్ పంపాడు. మాకు సంతోషమే. కానీ 2025 నుంచి కట్టిన ఫీజు మీద ఒక్కసారే తేదీ మార్చుకోనిస్తారు, రెండోసారి కావాలంటే మళ్ళీ ఫీజు కట్టాలి. ఆ ఒక్క అవకాశాన్నీ పద్నాలుగు రోజుల కోసం ఖర్చు పెట్టేశాడని మాకు అక్టోబర్‌లో తెలిసింది. అతను రోజుకి ఎన్నిసార్లు లాగిన్ అయ్యాడో ఏమో, ఈలోగా మా ఖాతా మూడు రోజులు స్తంభించిపోయింది కూడా. జనవరి 6న ఇంటర్వ్యూ అయి పాస్‌పోర్టు చేతికొచ్చి టికెట్లు కొనేసరికి అమ్మాయికి నెలలు నిండిపోతాయి. అడిగితే, "డేట్ ముందుకి తెచ్చాను కదా, నా పని అయిపోయింది" అన్నాడు.

మావారు సాధారణంగా ఎవర్నీ గట్టిగా ఒక మాట అనరు. ఆ రోజు ఆ కొట్లో ఆయన గొంతు పెరిగితే పక్క కొట్టు వాళ్ళు కూడా తొంగి చూశారు.

చివరికి ముగ్గురికీ మళ్ళీ 555 డాలర్లు, అంటే దాదాపు 50,000 రూపాయలు కట్టాం. పాస్‌వర్డ్ మార్చుకుని పొద్దునొకసారి, రాత్రొకసారి మావారే చూసేవారు. తొమ్మిదో రోజున ఎవరో వదులుకున్న తేదీలు దొరికాయి: నవంబర్ 18న వేలిముద్రలు, 19న ఇంటర్వ్యూ. ఏజెంటుకి ఒక్క రూపాయి ఇవ్వకుండా వచ్చిన తేదీ ఇది. బాట్‌లతో, అంటే తమంతట తామే తేదీలు పట్టేసే సాఫ్ట్‌వేర్‌తో, వేయించారని ఇండియాలో సుమారు 2,000 అపాయింట్‌మెంట్లను అమెరికా ఎంబసీ 2025 మార్చిలో రద్దు చేసింది. ఆ వార్త నేను ముందే చదివి ఉంటే పాస్‌వర్డ్ ఇచ్చేదాన్నే కాదు. దయచేసి మీరెవరూ ఇవ్వకండి.

బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి సెంట్రల్‌లో దిగాం. ప్రయాణం హాయిగా సాగింది.

లాడ్జి దగ్గర మొదలైంది బాధ. కాన్సులేట్‌కి నడిచి వెళ్ళేంత దూరమని జెమినీ ఫ్లైఓవర్ దగ్గర ఒకటి బుక్ చేశాను. గది 3,400, అదనపు మంచానికి 800. లిఫ్ట్ ఉందని రాశారు. ఉంది, తలుపుకి అడ్డంగా తాడు కట్టి. మా గది రెండో అంతస్తులో. కింద గది ఇమ్మంటే "వీసా సీజన్, ఫుల్" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు, తలెత్తకుండానే. వర్షంలో తడిసి వచ్చిన అత్తయ్య మెట్టు మెట్టుకీ ఆగుతూ, రెయిలింగ్ పట్టుకున్న చెయ్యి మార్చుకుంటూ ఎక్కింది. ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఇంకా బాధనిపించింది. పైకి వెళ్తే గీజర్ పనిచెయ్యదు, బాత్రూంలో పట్టుకోవడానికి ఏమీ లేదు, దుప్పటి ముక్కవాసన. పొద్దున్నే ఖాళీ చేస్తామంటే రెండో రాత్రి డబ్బు వెనక్కి ఇవ్వం అన్నారు, బుకింగ్‌లో నాన్-రిఫండబుల్ అని ఉందట. వీసా తేదీ ఎప్పుడు మారుతుందో తెలియని వాళ్ళకి గదులిచ్చుకుంటూ అలాంటి షరతు పెట్టడం అన్యాయం. మీరు వెళ్తే క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదే తీసుకోండి, నాలుగైదు వందలు ఎక్కువైనా సరే.

పోయిన డబ్బు పోయిందనుకుని టీ నగర్‌లో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌కి మారాం. గ్రౌండ్ ఫ్లోర్, రోజుకి 2,600, వంటగదితో సహా. ఇంటి యజమాని తమిళ మామి అత్తయ్యను చూడగానే కుర్చీ తెచ్చి వేసి, వేణ్ణీళ్ళు కాచి ఇచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, అత్తయ్యకి తమిళం రాదు. అయినా సాయంత్రం ఇద్దరూ గంటసేపు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

వేలిముద్రల దగ్గర పని ముప్పావు గంటలో అయిపోయింది. ఫొటోకి కళ్ళజోడు తీసెయ్యాలి, అది 2016 నుంచీ ఉన్న రూలే. అత్తయ్య కళ్ళజోడుకి నల్లదారం కట్టి మెడలో వేసుకుంటుంది. జోడు తీస్తే ఆవిడకి మనిషి నీడలా కనిపిస్తాడు. కెమెరా ఎటుందో తెలియక నా గొంతు వినిపించిన వైపే చూస్తుంటే, అక్కడి అమ్మాయి లేచి వచ్చి రెండు చేతుల్తో ఆవిడ గడ్డం పట్టుకుని మెల్లిగా ముఖం తిప్పింది. తర్వాత దారం ముడి సర్ది జోడు తనే పెట్టింది. ఆ పిల్ల పేరు అడగనందుకు ఇప్పటికీ నొచ్చుకుంటున్నాను.

ఆ సాయంత్రం టెన్షన్‌తో ఎవరికీ ఆకలి లేదు. మావారు బలవంతాన ఆటో ఎక్కించి ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌కి తీసుకెళ్ళారు. ఇడ్లీ పళ్ళెంలో పెట్టి, పైనుంచి సాంబారు మగ్గుతో మునిగేదాకా పోశారు. అడిగితే మళ్ళీ పోశారు, మొహం చిట్లించకుండా. జ్వరం వచ్చి తగ్గాక పది రోజులుగా పెరుగన్నం మీదే ఉన్న అత్తయ్య రెండు ఇడ్లీలు తిని ఇంకోటి అడిగింది. బెంగళూరు సాంబారులో బెల్లం నాకు ఎన్నేళ్ళకీ అలవాటు కాలేదు కాబట్టి నేనైతే సాంబారు కోసమే మళ్ళీ చెన్నై వెళ్తాను.

19న ఉదయం కాన్సులేట్. ఫోన్లు లోపలికి రానివ్వరు, దాచిపెట్టుకోవడానికి అక్కడ చోటూ ఉండదు. మావి గదిలోనే వదిలేసి వెళ్ళాం. మా ముందున్న కుర్రాడు ఫోన్ దాచడానికి పక్క సందులో కొట్టువాడికి 200 ఇచ్చానన్నాడు. అతనిది ఒంగోలు, బెంగళూరులో ఉద్యోగం. వ్యాపార పని మీద ఎప్పుడో వెళ్ళాల్సినవాడు, బ్యాంకాక్‌లో ఇంటర్వ్యూకి తేదీ దొరికిందని విమానం టికెట్టు, హోటలు కొనేసుకున్నాడట. సెప్టెంబర్ 6న, టూరిస్టు, వ్యాపార, ఉద్యోగ వీసాలకి సొంత దేశంలోనో నివసించే దేశంలోనో దరఖాస్తు చేసుకోవాలని ప్రకటించారు. అతని 41,000 పోయాయి. ఇద్దరం ఎవరి ఏజెంటు సంగతి వాళ్ళు చెప్పుకుంటూ నిలబడ్డాం.

గేటు దగ్గర గార్డు అత్తయ్యను చూసి వీల్‌చెయిర్ తెప్పించాడు, మేం అడగకముందే. లోపల మా ముగ్గురినీ ఒకే కిటికీ దగ్గరికి పిలిచారు. పక్కన తెలుగు తెలిసిన ఆవిడ ఉంది. ఎందుకు వెళ్తున్నారని అడిగితే మావారు నోరు తెరిచేలోపే అత్తయ్య, "మనవరాలి పురిటికమ్మా. నన్ను వదిలి వెళ్తే వీళ్ళకి అక్కడ మనసు నిలవదు" అంది. ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెబితే ఆఫీసరు నవ్వాడు. ఎన్నాళ్ళుంటారు, ఖర్చు ఎవరిది, ఇంతకుముందు వెళ్ళినప్పుడు ఎప్పుడు తిరిగొచ్చారు, ఇంతే అడిగాడు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. నేను మోసుకెళ్ళిన ఫైలు, అందులో ఇంటి కాగితాలు, పెన్షన్ స్టేట్‌మెంట్లు, ఒక్కటీ బయటికి తీయలేదు. మూడు వీసాలూ ఇచ్చేశారు. పాస్‌పోర్టులు ఎనిమిది రోజుల్లో బెంగళూరుకే వచ్చాయి.

అల్లుడి పరిస్థితి ఇంకా తేలలేదు. సెప్టెంబర్ 19న హెచ్-1బి ఉద్యోగ వీసాకి లక్ష డాలర్లు అన్న ప్రకటన వచ్చిన రాత్రి అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. మర్నాడే అది కొత్త దరఖాస్తులకే అని చెప్పారు గానీ, అక్టోబర్‌లో సీమంతానికి ఇక్కడికి రావడానికి కొన్న టికెట్లు వాళ్ళు రద్దు చేసుకున్నారు. మంచి పనే చేశారని ఇప్పుడనిపిస్తోంది. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బి వాళ్ళ, హెచ్-4 వీసా మీద ఉండే వాళ్ళ కుటుంబాల సోషల్ మీడియా ఖాతాలు పరిశీలిస్తామని ఇక్కడి ఇంటర్వ్యూలు ఎన్నో మార్చికీ ఆ తర్వాతకీ తోసేశారు. పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకోవడానికి (స్టాంపింగ్‌కి) వచ్చిన వాళ్ళు ఉద్యోగాలు అక్కడ, మనుషులు ఇక్కడ అయి చిక్కుకున్నారు.

అన్ని దేశాలూ ఇలా బిగించడం లేదు. మా ఎదురింటి వాళ్ళు కిందటి నెలే మలేషియా వెళ్ళొచ్చారు, మనవాళ్ళకి 2026 చివరిదాకా వీసా అక్కర్లేదు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డ్ నింపితే చాలు, దానికి ఫీజు లేదు. మా ఏజెంటే వాళ్ళ దగ్గర ఆ ఉచిత ఫారానికి మనిషికి 600 తీసుకున్నాడు.

మేం జనవరి 8కి టికెట్లు కొన్నాం. తేదీ మార్చుకునే వీలున్నవి, మనిషికి 6,200 ఎక్కువ. మావారు ముందు వద్దన్నారు, ఈ ఆరు నెలల అనుభవం గుర్తుచేస్తే మాట్లాడకుండా కార్డు ఇచ్చారు.

చెన్నై నుంచి బయల్దేరే రోజు రంగనాథన్ స్ట్రీట్‌కి వెళ్ళి, జరగని సీమంతానికి ఆకుపచ్చ గాజులు కొన్నాం, నాలుగు డజన్లు 240. అమ్మాయి చేతి కొలత నేను మర్చిపోతే అత్తయ్య తన చెయ్యి ముడిచి చూపించి, "దానిది నా చెయ్యే" అంది. ఆ గాజుల డబ్బా చెక్-ఇన్ బ్యాగులో వెయ్యనివ్వడం లేదు. ఒళ్ళో పెట్టుకుని తనే తీసుకెళ్తుందట.