ఓపెన్‌క్లిప్‌ఆర్ట్: పాంప్లెట్‌కి భేష్, పొడి ప్యాకెట్ మీద వేసేముందు మాత్రం ఆగి చూడండి

చెన్నైలో చిన్న వ్యాపారాలకి లేబుళ్లు, పాంప్లెట్లు, పెళ్లి పత్రికలు డిజైన్ చేస్తుంటాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, ఇంట్లో కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ చేసి అమ్ముకునే నెల్లూరు, ఒంగోలు వైపు ఆడవాళ్లు. బొమ్మలు కొనేంత బడ్జెట్ వాళ్లకి ఉండదు కాబట్టి ఉచిత క్లిప్‌ఆర్ట్ సైట్లే, అంటే ముందే గీసి పెట్టిన బొమ్మలు దొరికే సైట్లే మాకు ఆధారం, అందులో నేను ఎక్కువగా తెరిచేది ఓపెన్‌క్లిప్‌ఆర్ట్. సైట్ మంచిదే, వాడమనే చెప్తాను. కానీ లైసెన్స్ ఫ్రీ అని కనపడితే చాలు, ఇక అడిగేవాళ్లే ఉండరనుకుని అందులోంచి తీసిన బొమ్మని నేరుగా కంపెనీ లోగోగా పెట్టేస్తున్న డిజైనర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, చివరికి నష్టపోయేది డబ్బు పెట్టిన ఆవిడే. అందుకే ఈ రివ్యూలో సగానికి పైగా ఆ సంగతే రాస్తున్నాను.

ముందు బాగున్నవి చెప్తాను. 2004 నుంచి ఉన్న సైట్ ఇది. బొమ్మలన్నీ ఎస్‌వీజీ అనే, ఎంత పెద్దది చేసినా చెదరని ఫైల్ రూపంలో దొరుకుతాయి, కాబట్టి విజిటింగ్ కార్డ్ మీదైనా కొట్టు బోర్డు మీదైనా అంచులు పగలకుండా వస్తాయి, ఇంక్‌స్కేప్, కోరల్‌డ్రా లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఆకుకి ఆకు, కాయకి కాయ విడదీసి రంగులు మార్చుకోవచ్చు. గీసినవాళ్ల పేరు కింద వేయాలన్న నిబంధన లేదు, అమ్మే సరుకు మీద వేయకూడదన్న నిబంధనా లేదు. నాణ్యత మాత్రం ఒక్కో బొమ్మది ఒక్కో తీరు, చేయి తిరిగినవాళ్లు గీసిన దాని పక్కనే స్కూలు పిల్లలు గీసినట్టున్నది ఉంటుంది, ఓపిగ్గా ఏరుకోవాలి. ఇంకొకటి, 2019లో సైట్ మీద దాడి జరిగి నెలల తరబడి తెరుచుకోలేదు. అందుకే ఏ బొమ్మ తీసుకున్నా ఫైల్‌తో పాటు ఆ పేజీ స్క్రీన్‌షాట్, తేదీ, పెట్టినవాళ్ల యూజర్ పేరు ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ చేతిలో ఉండేది అదే.

ఇక అసలు విషయం. అక్కడి బొమ్మలకి ఉండేది సీసీ జీరో, ఇలాంటి ఉచిత లైసెన్సులు రాసిపెట్టే క్రియేటివ్ కామన్స్ అనే సంస్థ 2009లో తెచ్చిన పత్రం. ఒక పేజీకి కాస్త ఎక్కువ ఉంటుందేమో, దయచేసి ఒక్కసారి పూర్తిగా చదవండి. బొమ్మ పెట్టిన మనిషి తన కాపీరైట్‌ని చట్టం ఒప్పుకున్నంత మేరకు వదులుకుంటున్నాడు, అంతవరకే. ట్రేడ్‌మార్క్ హక్కులు (సరుకు ఏ కంపెనీదో చెప్పే పేరు, గుర్తు మీద ఉండేవి), పేటెంట్ హక్కులు దీంతో పోవు అని అందులోనే స్పష్టంగా ఉంది. ఆ బొమ్మలో వేరేవాళ్ల హక్కులేమైనా ఉంటే వాటిని తేల్చే బాధ్యత నాది కాదు అని కూడా ఉంది. అంటే ఎవరో ఒక కార్ల కంపెనీ గుర్తుని చక్కగా గీసి పెట్టారనుకోండి, వదులుకున్నది ఆ గీసినాయన హక్కు. కంపెనీ హక్కు ఆయనది కాదు, దాన్ని ఆయన మనకి ఎలా ఇస్తాడు?

కాపీరైట్ వేరు, ట్రేడ్‌మార్క్ వేరు అని చెప్పడానికి నేను ఎప్పుడూ ఫైర్‌ఫాక్స్ సంగతి చెప్తాను. ఆ బ్రౌజర్ కోడ్ ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. కానీ పేరు, ఆ నక్క లోగో దాన్ని తయారుచేసే మొజిల్లా ట్రేడ్‌మార్కులు, వాటి నిబంధనల దగ్గర పేచీ వచ్చి, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు 2006లో అదే బ్రౌజర్‌ని ఐస్‌వీజిల్ అని పేరు మార్చి ఇవ్వాల్సి వచ్చింది, మళ్లీ ఫైర్‌ఫాక్స్ పేరు పెట్టుకున్నది 2016లో. మిక్కీ మౌస్‌దీ ఇంచుమించు అదే కథ. 1928 నాటి తొలి రూపానికి అమెరికాలో కాపీరైట్ గడువు 2024 జనవరి 1తో తీరింది, ట్రేడ్‌మార్క్ మాత్రం డిస్నీ చేతిలోనే ఉంది. మన టీనగర్‌లో పిల్లల బట్టల కొట్టుకి ఆ ఎలుక బొమ్మ బోర్డు మీద పెడదామని ఎవరైనా వస్తే నేను చేయను.

మన తెలుగువాళ్ల దగ్గర ఇంకో రకం ఇబ్బంది ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. బాపు గారి బొమ్మని స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ కొట్టి, అంటే ఆ గీతల వెంటే మళ్లీ గీతలు తీయించి, "తెలుగమ్మాయి వెక్టర్" అని ఏదో ఒక ఉచిత సైట్‌లో పెట్టేస్తారు. ఆ జడ, ఆ కళ్లు, ఆ గీత చూడగానే ఎవరిదో మనకి తెలిసిపోతుంది, సైట్ నడిపేవాళ్లకి తెలియదు. ట్రేస్ చేసినంత మాత్రాన అది ట్రేస్ చేసినవాడిదైపోదు. మన దేశంలో బొమ్మ గీసినవాళ్లు పోయాక ఇంకా 60 ఏళ్లు కాపీరైట్ నడుస్తుంది, బాపు గారు 2014లో వెళ్లిపోయారు కాబట్టి 2074 చివరిదాకా లెక్క. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, ఆయన బొమ్మలకి 2052 దాకా. రవివర్మ అయితే 1906లోనే పోయాడు, ఆయన లక్ష్మి, సరస్వతి బొమ్మలు పెళ్లి పత్రిక మీద నిశ్చింతగా వేసుకోవచ్చు, కాకపోతే ఈమధ్య ఎవరో కొత్తగా మార్చి గీసిన క్యాలెండర్ బొమ్మ కాకుండా అసలు చిత్రం నుంచి తీసుకోండి. ఒక పెద్ద కళాకారుడి చేతిగీతకి అజ్ఞాత యూజర్ పేరు తగిలించి ఉండటం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. డబ్బు సంగతి తర్వాత, అది ఆయన పని.

లేబుల్ చేసేవాళ్లకి ఇంకో మాట. కొన్ని గుర్తులకి కాపీరైట్‌తో సంబంధం లేకుండా వేరే చట్టాలు ఉన్నాయి. ఎర్ర ప్లస్ గుర్తు ఏ క్లిప్‌ఆర్ట్ సైట్‌లో చూసినా దొరుకుతుంది, కానీ అది రెడ్‌క్రాస్ చిహ్నం, 1960 జెనీవా ఒప్పందాల చట్టం కింద అనుమతి లేనివాళ్లు వాడకూడదు, మెడికల్ షాపులైనా సరే. ఐఎస్ఐ, ఆగ్‌మార్క్ గుర్తులు లైసెన్స్ ఉన్నవాళ్లే వేయాలి. జాతీయ చిహ్నం, గాంధీ గారి బొమ్మ వ్యాపారానికి వాడటం మీద కూడా చట్టాలున్నాయి. ఫుడ్ ప్యాకెట్ల మీద నాన్‌వెజ్ గుర్తు అయితే 2020 నిబంధనల్లో గోధుమరంగు చుక్క పోయి త్రిభుజం వచ్చింది, ఉచిత సైట్లలో పాత చుక్కే ఇంకా తిరుగుతోంది. రొయ్యల పచ్చడి లేబుల్ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఇలాంటి ఫుడ్ గుర్తులు క్లిప్‌ఆర్ట్ సైట్ నుంచి కాకుండా ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల్లో ఇచ్చిన కొలతలు చూసి మీరే గీసుకోవడం మేలు.

నా దగ్గరికి ఒకావిడ వేరేచోట చేయించిన లేబుల్ పట్టుకుని వచ్చింది. ఎవరో ఏదో ఉచిత సైట్ నుంచి నవ్వుతున్న వంటామె ముఖం తీసి లోగో చేసి ఇచ్చారు. అచ్చం అలాంటి ముఖమే ముందునుంచీ రిజిస్టర్ చేసుకుని వాడుతున్న ఇంకో మసాలా కంపెనీ నుంచి లాయర్ నోటీసు వచ్చింది. "ఊరికే ఇచ్చిన బొమ్మే కదమ్మా, వాళ్లదెట్టా అవుతుంది?" అంటుంది ఆవిడ, కళ్లలో నీళ్లు. పౌచ్‌ల మీద డిజైన్ అచ్చు వేసే సిలిండర్ చేయించేశారు, సరుకు నింపేశారు, అదంతా పక్కన పడేయాల్సి వచ్చింది. కాపీరైట్ తగాదా అయితే లైసెన్స్ పేజీ చూపించి కొంత మాట్లాడొచ్చు. ట్రేడ్‌మార్క్‌లో అడిగేది వేరు: కొనేవాళ్లు ఒక కంపెనీ సరుకుని చూసి ఇంకో కంపెనీది అనుకుంటారా లేదా అని. బొమ్మ ఎక్కడినుంచి తెచ్చారన్నది అక్కడ పనికిరాదు.

పైగా ఏ గొడవా రాకపోయినా ఉచిత బొమ్మ లోగోకి పనికిరాదు. ఆ బొమ్మ మీద మీకు కాపీరైట్ రాదు, పక్క వీధిలో ఇంకొకరు అదే మామిడికాయ బొమ్మ డౌన్‌లోడ్ చేసుకుని బోర్డు పెట్టుకుంటే కాపీరైట్ పేరు చెప్పి ఆపలేరు. లోగో కావాలంటే గీయించుకోండి, లేదంటే పేరునే అందమైన అక్షరాల్లో రాయించుకోండి, ఫాంట్ లైసెన్స్ కూడా చూసుకుని. సిలిండర్‌కి పంపేముందు ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు, పేరుతోనూ, ఉచ్చారణతోనూ, బొమ్మలైతే వాటిని రకాల వారీగా విడగొట్టే వియన్నా కోడ్ నంబర్‌తోనూ. రిజిస్ట్రీలో సరుకుల్ని క్లాసులుగా విడగొడతారు, పచ్చళ్లు 29వ క్లాస్, మసాలా పొడులు 30, రెండూ అమ్మితే రెండిట్లోనూ చూడాలి. ఆఫీస్ మన గిండీలోనే ఉంది, ఆంధ్ర, తెలంగాణ వాళ్లదీ ఇదే ఆఫీస్. ఆన్‌లైన్‌లో అప్లై చేస్తే వ్యక్తులకి, చిన్న సంస్థలకి క్లాస్‌కి 4,500 రూపాయలు. పౌచ్ సిలిండర్ల ఖర్చు ముందు అది ఏపాటి?

మిగతా సైట్ల గురించి క్లుప్తంగా. పిక్సాబే ఒకప్పుడు సీసీ జీరోనే, 2019లో సొంత లైసెన్స్‌కి మారింది, అన్‌స్ప్లాష్ 2017లోనే మారింది, కాబట్టి పాత అలవాటుతో వాడకుండా ఇప్పటి నిబంధనలు చదవండి. ఫ్రీపిక్‌లో ఉచితంగా తీసుకుంటే పేరు వేయాలి, లేబుల్ మీద దానికి చోటెక్కడ? నాకు ఈ విషయంలో అన్నిటికంటే నమ్మకం వికీమీడియా కామన్స్ మీద. ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు గీశారు అని అడుగుతారు, అనుమానం ఉంటే చర్చ పెట్టి తీసేస్తారు, అక్షరాలతో చేసిన మామూలు లోగోలకి "కాపీరైట్ లేదు కానీ ఇది ట్రేడ్‌మార్క్ కావచ్చు" అని ప్రత్యేకంగా హెచ్చరిక పెడతారు. ఓపెన్‌క్లిప్‌ఆర్ట్ ఈ ఒక్క హెచ్చరికని ప్రతి బొమ్మ పేజీలో డౌన్‌లోడ్ బటన్ పక్కన పెడితే బాగుంటుందని నా గట్టి కోరిక.

నా మార్కులు ఐదుకి మూడున్నర. స్కూలు ప్రాజెక్టులకి, సంక్రాంతి పాంప్లెట్‌కి, అపార్ట్‌మెంట్ నోటీసుకి, లేబుల్ మూల అలంకారంగా రెండు కరివేపాకు రెబ్బలకి ఇంతకంటే మంచి చోటు లేదు. లోటల్లా మన సామాన్లదే, రోలు, తిరగలి, ఊరగాయ జాడీ అని వెతికితే నాకు సరైనవి దొరకలేదు. నేనే పాత ఇళ్లలో చూసి కొన్ని గీస్తున్నాను, పూర్తవగానే అక్కడే సీసీ జీరో కింద పెడతాను, తీసుకుని ఏ లేబుల్ మీదైనా వేసుకోండి. మీ ఊళ్లో వేరే ఆకారం జాడీలు ఉంటే మీరూ గీసి పెట్టండి, ఫొటో చూసి గీసేటట్టయితే ఆ ఫొటో మీరు తీసినదై ఉండాలి.