నెల్లూరులో అమ్ముతున్న డేటా వేగాల పట్టిక: కొనండి, ఒక్క వరుస దిద్దుకోండి

నెల్లూరు ట్రంకురోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక వీధిలోని జిరాక్సు దుకాణంలో 40 రూపాయలకు లామినేషన్ చేసిన పట్టిక ఒకటి దొరుకుతోంది. పాత టెలిఫోన్ లైన్ల వేగాలు, ఆప్టికల్ ఫైబర్ వేగాలు పక్కపక్కన వేసి, ఒకదాని నుంచి మరొకదానికి ఎలా మారాలో చూపించారు. ట్రాన్స్‌మిషన్ గదుల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు డిప్లొమా ఈసీఈ విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను కాబట్టి పట్టికలోని ప్రతి అంకెనూ కూర్చుని సరిచూశాను.

ముందువైపు చాలా శ్రద్ధగా తయారుచేశారు. ఒక గొంతుకు సెకనుకు 8000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు, అంటే 64 కిలోబిట్లు. అక్కడి నుంచే మొదలుపెట్టారు. అలాంటివి 32 కలిస్తే మన దగ్గర వాడే ఈ-1 లైను, సెకనుకు 2048 కిలోబిట్లు. దానికి సాటి అయిన అమెరికా లైను టీ-1లో 24 కలుస్తాయి. వాటికి సమకాలం కోసం మరో 8 కిలోబిట్లు చేరి 1544 అవుతుంది. ఆ 8 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా పట్టికలో రాశారు. చాలా గైడ్లలో ఆ మాటే ఉండదు. ఈ వేగాల్లో కిలో అంటే 1000 అని అడుగున స్పష్టంగా ముద్రించారు. 2048ని చూడగానే పిల్లలు 1024తో భాగించి ‘2 మెగాబిట్లు’ అని రాసేస్తారు. అది 32 సార్లు 64 కాబట్టి వచ్చిన 2048. సరైన జవాబు 2.048.

ఆప్టికల్ వరుసలూ తప్పు లేకుండా ఉన్నాయి. ఫైబర్ వేగాల మెట్లకు అమెరికాలో ఓసీ అనీ, మన దగ్గర ఎస్‌టీఎం అనీ పేర్లు. ఓసీ-1కు 51.84 మెగాబిట్లు. దానికి మూడింతలైన 155.52 అమెరికాలో ఓసీ-3, మన దగ్గర ఎస్‌టీఎం-1. ఎస్‌టీఎం-4కు ఓసీ-12, ఎస్‌టీఎం-16కు ఓసీ-48, ఎస్‌టీఎం-64కు ఓసీ-192 ఎదురెదురుగా వేశారు. 1988లో ఎస్‌డీహెచ్ (ఎస్‌టీఎం మెట్లున్న అంతర్జాతీయ పద్ధతి) తొలి ప్రమాణాలు వెలువడినప్పుడు రెండు పద్ధతులూ కలుసుకున్న చోటు ఈ 155.52 మెగాబిట్లే. బైట్ల వరుస కూడా విడిగా ఇచ్చారు, 155.52కు 19.44 మెగాబైట్లు. ఫైళ్లు ఎంతసేపట్లో వెళతాయో లెక్కవేసేవారికి అదే కావాలి.

ఇక వెనకవైపు. అక్కడ ‘ఒక ఎస్‌టీఎం-1లో ఎన్ని ఈ-1లు?’ అన్న వరుసకు ఎదురుగా 75 అని ఉంది. 155.52ను 2.048తో భాగిస్తే 75.9375 వస్తుంది, నిజమే. ఫోనులోని మార్పిడి యాప్‌లు చేసేదీ ఆ భాగహారమే. కానీ ఒక ఎస్‌టీఎం-1లో నేరుగా పట్టేవి 63. కావలి నుంచి రైల్లో వచ్చే మా విద్యార్థి ఒకడు పట్టిక తెచ్చి, “మేడమ్, 75 అని అచ్చులోనే ఉంది కదా?” అని అడిగాడు. బోర్డు మీద గీసి చూపించాను. ఎస్‌టీఎం-1 ఫ్రేములో, అంటే ఒక్కో విడతగా వెళ్లే బైట్ల గడుల పట్టికలో, 9 అడ్డ వరుసలు, 270 నిలువు వరుసలు. ఒక్కో ఈ-1కు దాని సర్దుబాటు బిట్లతో కలిపి 4 నిలువు వరుసలు కావాలి. 63 ఈ-1లకు 252 పోతాయి. మిగిలిన 18 వరుసలు పర్యవేక్షణకూ ఖాళీ పూరకాలకూ. ఇంకో ఈ-1 పెట్టడానికి చోటే లేదు.

దారి మారితే సంఖ్యా మారుతుంది. ముందే 64 ఈ-1లను 139.264 మెగాబిట్ల ఈ-4గా కలిపేసి ఆ ఈ-4ను మొత్తంగా ఎక్కిస్తే 64 వెళతాయి. 34.368 మెగాబిట్ల ఈ-3లుగా పంపితే ఎస్‌టీఎం-1లో మూడే పడతాయి, ఒక్కోదానిలో 16 చొప్పున మొత్తం 48. ఓసీ-3లో టీ-1ల లెక్కా ఇంతే: భాగిస్తే 100 దాటుతుంది, పట్టేవి 84. వేగం మార్చడం ఒక పని, ఎన్ని లైన్లు పడతాయో చెప్పడం వేరే పని. పట్టిక రెండింటినీ ఒకే గీత కింద పెట్టింది. పరీక్షలో అయితే రెండు మార్కులు పోతాయి. ఉద్యోగంలో 75 నమ్ముకుని 70 లైన్లకు మాటిచ్చేవాడు ఏడు లైన్లకు దారి వెతుక్కోవాలి.

ఇంకొక వరుస చేరిస్తే బాగుంటుందని నా కోరిక. ఇళ్లకు వస్తున్న జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఫైబర్‌లో దిగువకు, అంటే ఇంటివైపు, 2488.32, ఎగువకు 1244.16 మెగాబిట్లు. మొదటిది సరిగ్గా ఎస్‌టీఎం-16 వేగం. పాత లెక్క ఇంకా మన గోడమీది పెట్టెలో నడుస్తోందని పిల్లలకు తెలిస్తే ఈ పాఠం మీద ఆసక్తి పెరుగుతుంది, నా తరగతిలో చూశాను.

అక్షరాలు చిన్నవి. ఎరుపు అంకెలు దీపం వెలుతురులో సరిగా కనబడవు. లామినేషన్ మాత్రం గట్టిది, అంచులు లేవలేదు. దుకాణదారుకు 63 సంగతి కాగితం మీద రాసిచ్చాను. ఆయన శ్రద్ధగా చదివి, “తర్వాతి ముద్రణలో మారుస్తాను మేడమ్” అన్నారు. అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను. ఇప్పుడే కొనేవారు వెనకవైపు 75 కొట్టేసి, చెరగని సిరా పెన్నుతో పక్కన 63 రాసుకోండి. ఓసీ-3లో టీ-1లు 84 అని కూడా పక్కనే రాసుకోండి.