పినో దోనిస్: మిరియాల ఘాటున్న రెడ్ వైన్

గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే మిరియాలు. అప్పుడే దంచినంత ఘాటు. ఆ వెనకే అడవి స్ట్రాబెర్రీ వాసన. రంగు చూస్తే ఇంత ఘాటుందని అనుకోం. గ్లాసు వెనక వేలు పెడితే కనిపించేంత పలచగా ఉంది.

ఫ్రాన్స్‌లో తూర్ నగరానికి ఉత్తరాన, లా షార్త్ర్ సుర్ లె లువార్ ఊరి దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న సెల్లార్‌లో, అంటే వైన్ నిల్వ ఉంచే చోట తాగాను దీన్ని. పినో దోనిస్ అనే ద్రాక్షతో చేసిన వైన్ ఇది. ఆ ఊరి పక్కన పారే లువార్ నది, అందరికీ తెలిసిన పెద్ద లువార్ కాదు. రెండు పేర్లూ ఒకేలా పలుకుతారు, ఫ్రెంచిలో రాసేటప్పుడు ఒక్క అక్షరం తేడా. అలాగే పేరులో పినో ఉన్నా ఈ ద్రాక్షకు పినో నువార్ అనే పేరున్న రెడ్ వైన్ ద్రాక్షతో చుట్టరికం లేదు. ఉందనే అనుకుని వెళ్లాను నేను.

మధ్యయుగాల నుంచీ ఉన్న ద్రాక్ష ఇది. 1246లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ ఈ వైన్ తెప్పించుకున్నాడని చెబుతారు. దిగుబడి ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు, గుత్తులు తొందరగా కుళ్లుతాయి. అందుకే చాలామంది తీగలు పీకేసి కాబెర్నె ఫ్రాన్ అనే వేరే ద్రాక్ష వేసుకున్నారు. ఈ గ్లాసు తాగాక ఆ మాట తలుచుకుంటే బాధేసింది.

సెల్లార్ అంటే తుఫో అనే మెత్తటి సున్నపురాయి కొండను తొలిచిన గుహ. ఆ చల్లదనంలో మొదటి గుక్క పుల్లగా, చురుగ్గా తగిలింది. వగరు చాలా తక్కువ, నాలుక పట్టేయదు. మింగాక మిరియాల వేడి గొంతులో చాలాసేపు ఉండిపోయింది. పక్కన పెట్టిన మేక పాల చీజ్‌తో పులుపు తగ్గి పండు రుచి పైకొచ్చింది. పంది మాంసపు రియెత్‌తో (కొవ్వులో మెల్లగా ఉడికించి చిదిమిన మాంసం) ఇంకా బాగుంది, ఆ కొవ్వును ఈ పులుపు కోసేస్తుంది.

పద్నాలుగు యూరోలకు ఒకటి చొప్పున మూడు సీసాలు తెచ్చుకున్నాను. మొదటిది ఇంట్లో గది వేడిలోనే తెరిచి పాడుచేశాను. స్పిరిట్ వాసన తప్ప ఏమీ తెలియలేదు. రెండోది అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తెరిస్తే మళ్లీ ఆ గుహలో తాగిన వైనే.

చిక్కగా, బరువుగా ఉండే రెడ్ ఇష్టపడేవాళ్లకు ఇది నీళ్లలా అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ ఏడాది తాగిన వాటిలో మొదటి స్థానం దీనిదే. కొనేముందు రెండు విషయాలు అడగండి. ఈ ద్రాక్షతో రోజే అనే గులాబీ రంగు వైన్ కూడా చేస్తారు కాబట్టి రెడ్ కావాలని విడిగా చెప్పండి. కోతో దు లువార్ అని ఆ ప్రాంతం పేరుతో లేబుల్ ఉన్న రెడ్‌లో గామే, కాబెర్నె ఫ్రాన్ లాంటి వేరే ద్రాక్షలు కూడా కలపొచ్చు, అందుకని పూర్తిగా పినో దోనిసేనా అని కనుక్కోండి.