గాజా, స్ఫటికమా? లేజర్‌తో వేవ్‌గైడ్ రాయడానికి ఏది మేలు?

అతి చిన్న కాంతి పల్సులు వదిలే ఫెమ్టోసెకండ్ లేజర్ దగ్గర పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. వేవ్‌గైడ్‌ను, అంటే కాంతిని నడిపే సన్నటి దారిని, గాజులో రాయాలా, లిథియం నియోబేట్, యాగ్ లాంటి స్ఫటికంలోనా? లాస్ (దారిలో పోయే కాంతి) అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు తేలదు. బాగా రాస్తే రెండింట్లోనూ సెంటీమీటరుకు అర డెసిబెల్ లోపే ఉంచవచ్చు. తేల్చేది వేడి. ఒక పల్సు వదిలిన వేడి, తర్వాతి పల్సు వచ్చేలోపు ఏమవుతుందో చూడాలి.

ఫోకస్ దగ్గర ఒక మైక్రోమీటరు చోట పుట్టిన వేడి గాజులో చెదిరిపోవడానికి ఇంచుమించు ఒక మైక్రోసెకండ్ పడుతుంది. 1 కిలోహెర్ట్జ్ లేజర్‌లో పల్సుల మధ్య 1000 మైక్రోసెకండ్ల విరామం ఉంటుంది కాబట్టి, ప్రతి పల్సూ చల్లారిన గాజు మీదే పడుతుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అలా కాదు. ముందు వేడి ఆరకముందే తర్వాతిది వచ్చి పడుతుంది. వేడి పేరుకుని ఫోకస్ చుట్టూ గాజు కరుగుతుంది, మూలకాలు కూడా కొంత చోటు మారతాయి, లేజర్ జరిగిపోగానే అదంతా గట్టిపడుతుంది. చివర పాలిష్ చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే నడుమ మెరిసే చుక్క, దాని చుట్టూ నల్లటి వలయం, బయట పలుచటి అంచు కనిపిస్తాయి. కాంతి నడిచేది ఆ చుక్కలోనే. ఫోకస్ కోలగా ఉన్నా చుక్క దాదాపు గుండ్రంగా వస్తుంది, ఎందుకంటే దానికి రూపం ఇచ్చింది వేడి.

మొదటి ప్రయత్నానికి ఈగిల్ ఎక్స్‌జీ గాజు, 1030 నానోమీటర్లు, 1 మెగాహెర్ట్జ్, 0.55 ఎన్‌ఏ (కాంతిని ఎంత వెడల్పు కోణంలో కుదిస్తుందో చెప్పే అంకె) లెన్స్, 250 నానోజౌళ్ల చుట్టుపక్కల పల్సు, సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగం సరిపోతాయి. అక్కడి నుంచి శక్తిని 20 నానోజౌళ్ల చొప్పున అటూ ఇటూ మార్చి చూడండి. చాలామంది దెబ్బతినేది గాజును జరిపే స్టేజి దగ్గర. గీత మొదట్లో, చివర్లో స్టేజి నెమ్మదిస్తుంది, మిల్లీమీటరుకు పడే పల్సులు పెరుగుతాయి, అక్కడ వేవ్‌గైడ్ లావెక్కుతుంది. వేగం అందుకునే దూరాన్ని గాజు బయటే ఉంచాలి. అంచు దగ్గర కాంతి శంకువు తెగిపోయి గీత సరిగా పడదు. అందుకే రాశాక రెండు చివర్లా 100 నుంచి 200 మైక్రోమీటర్లు అరగదీసి పాలిష్ చేయాలి. ఆ తర్వాత ఈ గాజు ఎనీలింగ్ పాయింట్ (లోపలి ఒత్తిడి సడలే ఉష్ణోగ్రత) అయిన 722 సెల్సియస్ డిగ్రీలు కాస్త దాటించి, నెమ్మదిగా చల్లారిస్తే ఒత్తిడి చాలావరకు పోతుంది, కాంతి నడిచే కోర్ మిగులుతుంది.

ఫ్యూజ్డ్ సిలికా కథ వేరు. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి కావలసిన కనీస శక్తి) 9 ఎలక్ట్రాన్‌వోల్టుల దాకా ఉండి, మెత్తబడే ఉష్ణోగ్రత కూడా చాలా ఎక్కువ కావడంతో వేడి పేరుకోవడం కష్టం. 515 నానోమీటర్లకు మారితే పని సులువవుతుంది.

ఇక స్ఫటికం. ఇక్కడ కరిగించి గట్టిపరిస్తే లాభం లేదు, ఎందుకంటే గట్టిపడ్డాక ఆ చోట పాత అమరిక తిరిగి రాదు. లేజర్ తగిలిన చోట జాలకం (పరమాణువుల అమరిక) చెదిరి ఉబ్బుతుంది, పక్కనున్న మంచి స్ఫటికాన్ని నొక్కుతుంది. ఆ ఒత్తిడికి వక్రీభవన గుణకం (కాంతి ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) పెరుగుతుంది. అందుకే దాదాపు 20 మైక్రోమీటర్ల ఎడంతో రెండు చారలు గీసి, మధ్యలో కాంతిని నడుపుతారు. అంటే కాంతి వెళ్లేది లేజర్ ముట్టని చోట. స్ఫటికానికున్న అసలు బలం ఇదే, ఆ చోట నాన్‌లీనియర్ గుణాలు (కాంతి ఫ్రీక్వెన్సీని మార్చడం లాంటివి) చెక్కుచెదరవు. లిథియం నియోబేట్‌లో నేరుగా కోర్‌నే రాసే పద్ధతీ ఉంది గానీ, కాస్త వేడి తగిలితే అది చెరిగిపోతుంది, పైగా ఒక్క పోలరైజేషన్‌నే (కాంతి కంపించే దిశ) నడుపుతుంది.

దీనికి చెల్లించే మూల్యం తక్కువేమీ కాదు. సెకనుకు 50 మైక్రోమీటర్ల వేగంతో ఒక సెంటీమీటరు చారకు 200 సెకండ్లు పడుతుంది. అదే గీత గాజులో అర సెకండు పని. రెండు పోలరైజేషన్లూ కావాలంటే చుట్టూ 30 చారలతో గొట్టంలా కట్టాలి, అంటే 100 నిమిషాలు. పల్సు శక్తి కాస్త ఎక్కువైతే చార కొస నుంచి పగులు బయల్దేరి పక్క చారను అందుకుంటుంది, ఇక ఆ ముక్క పనికిరాదు. వంపులు తిప్పడమూ కష్టం. గాజులో 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం మామూలు విషయం.

కాబట్టి కాంతిని చీల్చి, కలిపే స్ప్లిటర్లు, కప్లర్లు, ఇంటర్‌ఫెరోమీటర్లు కావాలంటే గాజే మేలని నా గట్టి అభిప్రాయం. వోల్టేజితో మాడ్యులేషన్ (కాంతిని అదుపు చేసి మార్చడం), ఫ్రీక్వెన్సీ రెట్టింపు లేదా నియోడిమియం యాగ్‌లో చిన్న లేజర్ కావాలంటే స్ఫటికం తప్పదు. లిథియం నియోబేట్‌లో మీటరుకు ఎంత వోల్టేజి పెడితే గుణకంలో ఎంత మార్పు వస్తుందో చెప్పే ఆర్33 విలువ వోల్టుకు 31 పికోమీటర్ల దాకా ఉంటుంది. మామూలు గాజులో అలాంటిది లేదు.

మూడో దారి కూడా ఉంది. సమేరియం కలిపిన గాజును 1064 నానోమీటర్ల నిరంతర లేజర్‌తో వేడిచేసి, గాజులోనే స్ఫటిక గీతను పెంచడం. పరిశోధనకు బాగుంటుంది, చిప్ పనికి చాలా నెమ్మది.

రెండు రకాల పనులూ ఒకే పరికరంలో కావాలంటే గాజు చిప్‌నూ, స్ఫటికపు ముక్కనూ విడివిడిగా రాసి, గుణకం సరిపోయే జిగురుతో అతికించండి. గాలిలో లిథియం నియోబేట్ ముఖం దగ్గర 14 శాతం కాంతి వెనక్కి మళ్లుతుంది. గాజుకు అతికిన ముఖం దగ్గర అది 4 శాతం లోపే.