కొత్త డ్రమ్మర్‌తో ఐరన్ మెయిడెన్: లండన్ స్టేడియంలో చూడాలా, బర్మింగ్‌హామ్ అరీనాలో చూడాలా?

ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ 2025లో మొదలుపెట్టిన రన్ ఫర్ యువర్ లైవ్స్ టూర్ టికెట్లు అమ్మకానికి వచ్చే నాటికి డ్రమ్స్ మీద నికో మెక్‌బ్రెయినే ఉన్నారు. 2024 డిసెంబర్ 7న సావో పాలో షోతో టూర్లు మానేస్తున్నట్టు ఆయన చెప్పారు. మర్నాడే కొత్త డ్రమ్మర్‌గా సైమన్ డాసన్ పేరు బయటికొచ్చింది. టికెట్లు కొనేసినవాళ్లు తలలు పట్టుకున్నారు. 1982 చివర్లో చేరిన మనిషి, 42 ఏళ్లు కదలకుండా కూర్చున్న సీటు అది. దానికితోడు 2023 జనవరిలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క పట్టు తప్పింది. వేగంగా పడే ఫిల్స్ (పాట మలుపుల్లో డ్రమ్స్ మీద వేసే చిన్న ముక్తాయింపులు) కొన్ని తగ్గించుకుని అయినా రెండేళ్లు లాక్కొచ్చారు. ఆయన స్థానంలో ఇంకొకర్ని ఊహించుకోవడం కష్టమే.

వెళ్లొచ్చాక మాత్రం మా బృందంలో ఎక్కువమంది మాట ఒక్కటే. పోలిక నికోతో పెడితే లెక్క తప్పుతుంది, నికోకి ముందు డ్రమ్మర్ క్లైవ్ బర్‌తో పెట్టాలి. ఈ టూర్ అంతా 1980 నుంచి 1992 వరకు వచ్చిన మొదటి తొమ్మిది ఆల్బమ్‌ల పాటలే. మొత్తం 17 పాటల్లో ఎనిమిది నికో రాకముందు రికార్డైనవి, వాటిలో డ్రమ్స్ క్లైవ్ బర్‌వి. షో మొదట్లో వరసగా వచ్చే నాలుగూ (మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్, రాత్‌చైల్డ్, కిల్లర్స్, ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా) ఆ కాలానివే. డాసన్ వాయింపు ఎక్కువగా హై-హ్యాట్ (కాలితో మూసి తెరిచే సింబల్ జత) మీద నిలబడుతుంది, ఫిల్స్ తక్కువ, నడక తిన్నగా ఉంటుంది. స్టేజీ మీద నానాటికీ పెరుగుతూ వచ్చిన వేగం ఇప్పుడు కాస్త దిగి రికార్డుకి దగ్గరపడింది. దానివల్ల గాయకుడు బ్రూస్ డికిన్సన్‌కి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. అప్పటికి అరవై ఆరేళ్ల మనిషి, అందునా నాలుక కాన్సర్ నుంచి బయటపడ్డవాడు, పదిహేనో పాటగా ఏసెస్ హై ఎత్తుకోవాలంటే ఆ మాత్రం సాయం ఉండాలి.

తేడా కొట్టొచ్చినట్టు కనబడేది నికో కాలం పాటల్లోనే. పవర్‌స్లేవ్‌లో, పదమూడు నిమిషాలు దాటే రైమ్ ఆఫ్ ది ఏన్షియంట్ మారినర్‌లో నికో రైడ్ సింబల్ మధ్య గుబ్బ మీద కొట్టే ఆ గంట చప్పుడు పాటనంతా ముందుకు తోసేది. డాసన్ దాన్ని శుభ్రంగా వాయిస్తాడు, కానీ ఆ తోపు ఉండదు. ద ట్రూపర్‌లో సింగిల్ పెడల్ మీద నికో కాలు చేసే పనికి అలవాటుపడ్డ చెవికి ఒకటి రెండు చోట్ల చప్పగానే తగులుతుంది. మెయిడెన్ బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ సొంత బ్యాండ్ బ్రిటిష్ లయన్‌లో ఏళ్లుగా డ్రమ్స్ వాయించింది ఈ డాసనే కాబట్టి బేస్‌కీ, కాలితో వాయించే కిక్ డ్రమ్‌కీ పొత్తు బాగా కుదిరింది. ఒంటరి ఫిల్స్ కోసం ఎదురుచూడకుండా ఆ పొత్తును వినాలి. ఇంకో సంగతి, నికో కిట్ ఎంత పెద్దదంటే ఎదురుగా నిలబడితే టామ్స్ వెనక మనిషే కనిపించేవాడు కాదు. డాసన్ కిట్ చిన్నది, చేతులు కనిపిస్తాయి.

ఇక చోటు సంగతి. 2025లో బ్రిటన్‌లో షోలు జరిగింది ఇక్కడ: జూన్ 21న బర్మింగ్‌హామ్ యుటిలిటా అరీనా, 22న మాంచెస్టర్ కో-ఆప్ లైవ్, 28న లండన్ స్టేడియం, 30న గ్లాస్గో హైడ్రో. డ్రమ్స్‌లో వచ్చిన మార్పు వినడానికి వెళ్లేవాళ్లకు మా ఓటు కప్పున్న అరీనాకే. దానికి కారణాలు రెండు.

మొదటిది వెలుతురు. జూన్ చివర్లో లండన్‌లో సూర్యాస్తమయం రాత్రి 9:20 ప్రాంతంలో. ఈ టూర్‌లో పాత గుడ్డ తెరలు పోయి వాటి చోట పెద్ద వీడియో స్క్రీన్ వచ్చింది. ఎనిమిది దాటాక షో మొదలైతే పైకప్పు లేని మైదానంలో మొదటి ఐదారు పాటల బొమ్మలు వెలవెలబోతాయి. బ్యాండ్ పుట్టిన తూర్పు లండన్ (ఈస్ట్ ఎండ్) వీధుల దృశ్యాలన్నీ ఆ మొదటి పాటలకే ఉన్నాయి. అరీనాలో మొదటి నిమిషం నుంచీ చీకటే.

రెండోది శబ్దం. లండన్ స్టేడియం 2012 ఒలింపిక్స్ అథ్లెటిక్స్ కోసం కట్టినది. గిన్నెలా వెడల్పుగా ఉంటుంది, సీట్లు మైదానానికి దూరం. పై అంచెలో కూర్చుంటే కిక్ డ్రమ్ ఒకసారి, దాని ప్రతిధ్వని మరోసారి వినిపిస్తాయి. గాలి తిరిగితే గిటార్లు ఎటో కొట్టుకుపోతాయి. మూడు గిటార్ల బ్యాండ్‌కి ఇది పెద్ద నష్టం. స్టేడియమే తీసుకుంటే నిలబడే టికెట్ కొని, మైదానంలో సౌండ్ మిక్సింగ్ గుడారానికి కాస్త ముందు, మధ్యగీతకు దగ్గరగా నిలబడండి. ఇంజనీర్ వింటున్నదే మీరూ వింటారు. స్పీకర్ టవర్ కింద వద్దు. 15 నుంచి 20 డెసిబెల్ తగ్గించే ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుంటే శబ్దం తగ్గడమే కాదు, మాటలు కూడా తేటగా వినిపిస్తాయి.

అయినా స్టేడియానికే వెళ్తామనేవాళ్లను తప్పు పట్టలేం. స్టీవ్ హారిస్ తూర్పు లండన్ లేటన్‌స్టోన్‌లో పుట్టిన మనిషి, వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ జట్టుకి వీరాభిమాని, ఆ జట్టు ఆడేది ఈ గ్రౌండ్‌లోనే. బ్యాండ్ యాభయ్యో ఏడు పండగ సొంత పేటలో చేసుకోవడమంటే మాటలా! వేల గొంతులు ఫియర్ ఆఫ్ ద డార్క్ రాగాన్ని అందుకుంటే అరీనా ఎందుకూ చాలదు. ముందు ఆడిన బ్యాండ్లు ద రావెన్ ఏజ్, హేల్‌స్టోర్మ్. మొదటిది హారిస్ కొడుకు బ్యాండ్ అన్న ఆసక్తి తప్ప ప్రత్యేకంగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. హేల్‌స్టోర్మ్ గాయని లిజీ హేల్ గొంతు కోసం మాత్రం తొందరగా లోపలికి వెళ్లొచ్చు.

లండన్‌లో బస మనవాళ్లకు సులువు. స్టేడియం ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌లో వెస్ట్‌ఫీల్డ్ మాల్ చుట్టుపక్కల హోటళ్లు నడిచి వచ్చేంత దగ్గర. కానీ షో రోజు అద్దె మామూలు రోజుకి రెట్టింపు దాకా పోతుంది, డబ్బు వాపసిచ్చే గదులు ముందే అయిపోతాయి. ఇల్‌ఫర్డ్ మేలు. ఎలిజబెత్ లైన్ రైల్లో పది నిమిషాల లోపే స్ట్రాట్‌ఫర్డ్, హోటల్ అద్దె తక్కువ, చుట్టూ తెలుగువాళ్లు. ఈస్ట్ హామ్‌లో మనవాళ్లు అద్దెకిచ్చే గదులు ఇంకా చవక. అయితే బాత్రూమ్ ఎంతమందితో పంచుకోవాలో, రాత్రి ఒంటిగంటకి తలుపు తీసేవాళ్లున్నారో లేదో, డబ్బు కట్టకముందే అడగండి. ఫొటోలో డబుల్ బెడ్ చూపించి చేరాక హాల్లో పరుపు వేసే బాపతు కూడా ఉన్నారు.

ఈస్ట్ హామ్‌లో ఉంటే హై స్ట్రీట్ నార్త్ మీద ఇడ్లీ, దోసె, బిర్యానీకి లోటు లేదు. మొదటి రోజుల్లో మెయిడెన్ వాయించిన రస్కిన్ ఆర్మ్స్ కూడా ఆ రోడ్డు మీదే ఉండేది. ఇప్పుడది పబ్ కాదు, ఫొటో తీసుకోవడం వరకే. లోపలికి వెళ్లి చూడాలంటే కార్ట్ అండ్ హార్సెస్ ఉంది. మేరీలాండ్ స్టేషన్ పక్కనే, స్ట్రాట్‌ఫర్డ్ నుంచి ఒక్క స్టాప్. బ్యాండ్ పుట్టిల్లుగా చెప్పుకునే పబ్ ఇది. షో రోజు మధ్యాహ్నం దాటితే బార్ దగ్గరికి చేరడమే గగనం, కాబట్టి ముందు రోజు వెళ్లండి.

టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది, స్క్రీన్‌షాట్ చెల్లదు. ఇండియా సిమ్‌తో వచ్చినవాళ్లు గేటు దగ్గర సిగ్నల్ కోసం వెతుక్కోకుండా ముందురోజే వైఫైలో టికెట్‌ని ఫోన్ వాలెట్‌లోకి దించుకోవాలి. బ్యాగు ఏ4 కాగితం కంటే పెద్దదైతే ఆపేస్తారు. లోపల నగదు చెల్లదు, కార్డే. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు ఆరు నెలల విజిటర్ వీసా ఫీజు 2025లో 127 పౌండ్లు. దరఖాస్తు మీద నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు పడుతుంది, వేసవిలో ఇంకాస్త ముందే పెట్టుకోవాలి. కంచె దగ్గర మొదటి వరస కావాలంటే ఫ్యాన్ క్లబ్ సభ్యత్వం తీసుకుని లాటరీలో పేరు రావాలి. అది లేకుండా పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డా వాళ్ల వెనకే.

బర్మింగ్‌హామ్ అరీనా న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి పావుగంట నడక. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి రైలు గంటన్నర లోపే. షో అయ్యాక చివరి రైలుకి పరిగెత్తే ఆలోచన పెట్టుకోవద్దు. చివరి పాటలు వదులుకోవాలి, లేదంటే రైలు వదులుకోవాలి. అక్కడే గది తీసుకోండి. లండన్ కంటే ఎలాగూ తక్కువే. మాంచెస్టర్ కో-ఆప్ లైవ్ 2024లో తెరిచిన కొత్త హాలు, పికడిల్లీ స్టేషన్ నుంచి ఎతిహాద్ క్యాంపస్‌కి ట్రామ్ ఉంది. షో వదిలాక ట్రామ్ క్యూ కంటే ఊళ్లోకి నడవడమే నయం, అరగంట పడుతుంది.

బీరు క్యూలో ఉండగా స్పీకర్లలో యుఎఫ్ఓ వాళ్ల డాక్టర్ డాక్టర్ వినిపిస్తే వెంటనే కదలండి. అది అయ్యీ అవ్వగానే మెయిడెన్ ఎక్కుతారు. ఫోన్లు జేబులో పెట్టుకోమని బ్యాండ్ మేనేజర్ రాడ్ స్మాల్‌వుడ్ ముందే అడిగారు. చాలావరకు జనం పాటించారు కూడా. చివర్లో వేస్టెడ్ ఇయర్స్ అయ్యాక ఆల్వేస్ లుక్ ఆన్ ద బ్రైట్ సైడ్ ఆఫ్ లైఫ్ టేపు వేశారంటే ఇక మరో పాట లేనట్టే.

లండన్‌లో అయితే ఆ టేపు మొదలవగానే అందరూ స్ట్రాట్‌ఫర్డ్ స్టేషన్ వైపే వెళ్తారు, దారిలో ఆపి ఆపి వదులుతారు. లండన్ షో పడింది శనివారం, ఆ రాత్రి సెంట్రల్, జూబిలీ భూగర్భ రైలు లైన్లు తెల్లవార్లూ నడుస్తాయి. సెంట్రల్ లండన్‌లో బస చేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు, ముప్పావుగంట ఆగితే క్యూ సగమవుతుంది. ఈస్ట్ హామ్ వెళ్లే డిస్ట్రిక్ట్ లైన్‌కి ఆ సౌకర్యం లేదు. ఇల్‌ఫర్డ్ వాళ్లు ఎలిజబెత్ లైన్ తప్పిపోతే ఎన్25 బస్సు ఎక్కొచ్చు. టికెట్ 2025లో 1.75 పౌండ్లు, గంటలోపు ఇంకో బస్సు మారినా మళ్లీ కట్టక్కర్లేదు. ఈస్ట్ హామ్ వాళ్లూ అదే బస్సులో మేనర్ పార్క్ దాకా వచ్చి దిగి నడవొచ్చు. ట్యాక్సీ పిలిచేటట్టయితే స్టేడియం దగ్గర కాదు, రోడ్లు మూసేస్తారు. మేరీలాండ్ దాకా నడిచి అక్కడ పిలవండి.