రౌండ్లా, టీసీనా, స్టేషనా: కాలేజీ ప్లేయర్ చెయ్యి చేసుకుంటే ఏది మేలు?

నల్లగొండలో డిగ్రీ చదివే రోజుల్లో నేను కాలేజీ కబడ్డీ టీమ్‌లో లెఫ్ట్ కార్నర్. మా రైడర్ ఒకడు, కూతకెళ్లేవాడు, సీనియర్, ఒక రాత్రి హాస్టల్ నల్లా దగ్గర ఫస్టియర్ పిల్లగాణ్ణి కొట్టాడు. జెర్సీ ఉతకమంటే ఉతకలేదని. దెబ్బ చెవి మీద పడింది. మర్నాటి నుంచి ఆ పిల్లగాడు ఎడమ చెవిలో దూది పెట్టుకుని క్లాసుకు వచ్చేవాడు. హాజరు పిలుస్తుంటే కుడి చెవి సార్ వైపు తిప్పి కూర్చునేవాడు, తన నంబరు ఎక్కడ దాటిపోతుందోనని.

ఆటలు చూసుకునే ఫిజికల్ డైరెక్టర్, అదే మా పీడీ సార్, మమ్మల్ని వరుసగా నిలబెట్టి "ఎవలన్న చూసిండ్రా?" అని అడిగాడు. నేను చూశాను. "లే సార్" అన్నాను. రైడర్‌కు పడిన శిక్ష గ్రౌండ్ చుట్టూ ఇరవై రౌండ్లు. రోజూ వార్మప్‌కే పది కొట్టేవాడికి ఇరవై ఒక లెక్కా? రెండ్రోజులాగి ఫైనల్ ఆడాడు, గెలిచాం, షీల్డు ప్రిన్సిపాల్ గదిలోకి చేరింది. సంక్రాంతి సెలవులకు ఆ పిల్లగాడు ఇనుప పెట్టెతో సహా దేవరకొండ బస్సెక్కాడు. మళ్లీ రాలేదు.

మన దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే, పీడీ సార్ చేతికి వదిలేయడం. దీన్ని పూర్తిగా తీసిపారేయలేను. అచ్చంపేట దిక్కు నుంచో, మక్తల్ దిక్కు నుంచో వచ్చిన పిల్లగాడు తండ్రి మాట వినకపోయినా పీడీ సార్ మాట వింటాడు. సీటు ఇప్పించిందీ, బూట్లు కొనిచ్చిందీ ఆయనే అయి ఉంటాడు. శిక్ష గంటలో పడుతుంది, గంటలో అయిపోతుంది. తిప్పలు ఎక్కడంటే, టీమ్ గెలిస్తే ఆయన పేరు, ఓడితే ఆయన పేరు. ఎల్లుండి మ్యాచ్ ఉన్న మనిషిని తీర్పు చెప్పమంటే ఏం చెప్తాడు? పైగా కాగితం మీద ఒక్క ముక్క ఉండదు. ఆయన బదిలీ అయితే వచ్చే ఏడు అదే రైడర్ ఏ మచ్చా లేనివాడు.

ఇక టీసీ, అంటే కాలేజీ నుంచే పంపించేయడం. చూడ్డానికి ఇదే గట్టి శిక్ష, పేపర్లో కూడా బాగా కనబడుతుంది. కానీ ఏడాది మధ్యలో టీసీ ఇస్తే ఇంకో కాలేజీలో ఎవరు చేర్చుకుంటారు? పాలమూరు ఇళ్లలో చదువు ఆగిన కొడుకు తండ్రి వెంట ముంబై, పుణె పనులకు పోయే బస్సెక్కుతాడు. నెల రోజుల సస్పెన్షన్ కూడా పైకి కనిపించేంత చిన్నది కాదు. హాజరు 75 శాతం తగ్గిందా, స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండూ ఆగుతాయి. ఫీజు కట్టేదాకా కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. ఒక చెంపదెబ్బకు ఇది ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమే. అదే పనిగా కొట్టేవాడు, కాలో చెయ్యో విరగ్గొట్టినవాడు అయితే మాత్రం పంపించేయాల్సిందే, అక్కడ నాకు జాలి లేదు.

స్టేషన్ గురించి మనవాళ్లు మాట్లాడే తీరే వేరు. "కేసు వద్దు, పిల్లల బతుకులు" అని పెద్దమనుషులు కూర్చుంటారు, రాజీ చేస్తారు, ఆ పిల్లల్లో దెబ్బ తిన్నవాణ్ణి ఎవరూ లెక్కేయరు. ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం జూనియర్ మీద దౌర్జన్యానికి దిగితే ఏడాది దాకా జైలు, గాయపరిస్తే రెండేళ్ల దాకా, తీవ్ర గాయమైతే అయిదేళ్ల దాకా. ఫిర్యాదు వచ్చినా పట్టించుకోని ప్రిన్సిపాల్‌ను కూడా నేరానికి తోడ్పడినవాడిగానే చూస్తుంది చట్టం. నేరం ఉందని తేలితే 24 గంటల్లో ఎఫ్‌ఐఆర్‌కు పోవాలని యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ 2009 నిబంధనలు చెప్తున్నాయి. కాబట్టి చెవి పోయిందంటే కేసు పెట్టాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టాయిష్టాల సంగతి కాదు. అయితే మన ప్లేయర్లలో సగం మంది కన్ను కానిస్టేబుల్ ఉద్యోగం మీదే ఉంటుంది. అక్కడ వెరిఫికేషన్ ఫారంలో కేసుల సంగతి రాయాలి, దాచితే అదొక తప్పు. అందుకే చిన్న తోపులాటలకు స్టేషన్ మెట్లెక్కడం నాకు ఇష్టం ఉండదు.

నాలుగోది, టీమ్ మొత్తాన్ని టోర్నీ నుంచి తీసేయడం. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీకి ఇలాగే జరిగింది. ఒక మాజీ అసిస్టెంట్ కోచ్ పిల్లలపై చేసిన లైంగిక అఘాయిత్యాలను పైవాళ్లు కప్పిపెట్టారని 2012లో ఆ యూనివర్సిటీకి 6 కోట్ల డాలర్ల జరిమానా వేసి, ఫుట్‌బాల్ జట్టును సీజన్ చివరి పెద్ద మ్యాచ్‌లకు నాలుగేళ్లు రాకుండా నిషేధించారు. అప్పుడు ఆడుతున్న కుర్రాళ్లకు ఆ పాపంతో సంబంధమే లేదు. తర్వాత నిషేధాన్ని మధ్యలోనే ఎత్తేశారు. అన్యాయమే. కానీ "లే సార్" అన్న మా జట్టుకు అలాంటిది పడి ఉంటే, అన్యాయమని అరిచే హక్కు మాకు ఉండేది కాదు.

నేను మొగ్గేది మరో దారికి, అది కబడ్డీ కోర్టులోనే ఉంది. గ్రీన్ కార్డు హెచ్చరిక. ఎల్లో కార్డు పడితే రెండు నిమిషాలు బయట. రెడ్ పడితే మ్యాచే పోయింది. ఎల్లో పడ్డప్పుడు జట్టును ఇంటికి పంపరు, ఉన్న ఆరుగురే మోస్తారు. కాలేజీలకు మాత్రం గ్రీన్ తెలుసు, రెడ్ తెలుసు, మధ్యలోది తెలియదు. నిజానికి యూజీసీ శిక్షల జాబితాలోనే అదుంది, కాలేజీ తరఫున టోర్నమెంట్లు ఆడకుండా నిషేధించడం. క్లాసులకు రావచ్చు, పరీక్షలు రాయవచ్చు, జెర్సీ మాత్రం వేసుకోకూడదు. ప్లేయర్‌కు ఇంతకన్నా మండేది ఇంకోటి లేదు. కాకపోతే నిర్ణయం కమిటీ చేయాలి, రాతలో ఉండాలి. పీడీ సార్ మాట వినాలి గానీ ఆయన చేతిలో ఓటు ఉండకూడదు. హాస్టల్ గది ఖాళీ చేయాల్సింది కొట్టినవాడు, తిన్నవాడు కాదు. విచారణ తేలేదాకా బెంచీ మీదే.

"సెలక్షన్స్ పోతయ్, 2 శాతం స్పోర్ట్స్ కోటా పోతది" అంటారు. విచారణ తేలకముందే బెంచీ మీద కూర్చోబెట్టినంత మాత్రాన బతుకు ముగిసిపోదు. 2019 జనవరిలో టీవీ షోలో కూసిన కూతలకు హార్దిక్ పాండ్యాను, కేఎల్ రాహుల్‌ను ఆస్ట్రేలియా నుంచి వెనక్కి పిలిపించారు, తర్వాత చెరో 20 లక్షలు కట్టించారు. ఇద్దరూ అదే ఏడాది వరల్డ్ కప్ ఆడారు. అయితే ఫైనలియర్ పిల్లగాడికి సీజన్ పోతే ఆట పోయినట్టే. అక్కడ నా దగ్గర సులువైన జవాబు లేదు.

పోయినేడాది ఒక కాలేజీ వాళ్లు పాత ప్లేయర్‌నని నన్నూ కమిటీలో కూర్చోబెట్టారు. హాస్టల్‌లో ఒక జూనియర్ పెదవి పగిలింది, రెండు కుట్లు. బయట వరండాలో ఆ కాలేజీ పీడీ సార్ నా చెయ్యి పట్టుకుని "అన్నా, గీ ఒక్క మ్యాచ్ ఆడనీయుండ్రి, తర్వాత మీ ఇష్టం" అన్నాడు. కుదరదన్నాను. కొట్టిన రైడర్ ట్రాక్‌సూట్‌లో బెంచీ మీద కూర్చుని నీళ్ల బాటిళ్లు అందించాడు. మూడు పాయింట్లతో ఓడిపోయాం. పీడీ సార్ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.